ఆదెమ్మ మీద నింద

పొద్దున్నే పడగ్గది తలుపు తీసి హాల్లోకి వస్తే, ముందు అరికాలికి చల్లగా తడి తగులుతుంది, ఆ వెంటనే ముక్కుకి పులిసిన వాసన తగులుతుంది. గుంటూరులో మేముండే ఫ్లాట్లో నాలుగు పిల్లులున్నాయి. నెల రోజులుగా వారానికి మూడు నాలుగు సార్లు వాటిలో ఏదో ఒకటి కక్కుతోంది. సోఫా కింద, చెప్పుల స్టాండు పక్కన, ఒకసారి ఇస్త్రీ చేసి మడత పెట్టుకున్న నా జాకెట్టు మీద. తుడిచి, ఫినాయిలు పోసి, మళ్ళీ తుడిచి, చేతులు కడుక్కుని కాఫీ తాగబోతే గ్లాసులో కూడా అదే వాసన వచ్చినట్టుంటుంది.

ఆమధ్య ఎదురింటావిడ పెరుగు తోడుకోసం వచ్చి, చేతిలో తడిగుడ్డతో ఉన్న నన్ను చూసి జాలిపడింది. "అన్నీ కక్కవండీ, ఏదో ఒకదానికే జబ్బుంటుంది. ఆ ముసలిదే అయ్యుంటుంది. చేపల మార్కెట్టు దగ్గర వదిలేయండి, దాని బతుకు అది బతుకుతుంది" అంది. ఆవిడ మంచి మనిషి, మా అమ్మాయికి జ్వరమొస్తే అర్ధగంటకోసారి వచ్చి చూసిపోయిన మనిషి. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. తోడు గిన్నె చేతిలో పెట్టి, ఆవిడ మాట పూర్తవకుండానే తలుపు వేసేశాను. తరవాత వెళ్ళి క్షమించమని అడిగాననుకోండి. ఆ కోపం ఆవిడ మీదది కాదు, నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఇంట్లో పుట్టి, ఎవరి మీదా చూపించుకోవడానికి వీల్లేక నాలోనే ఉండిపోయిన కోపం.

మాది పర్చూరు పక్కన ఒక పల్లె. నల్లరేగడి నేల, వాన పడితే చెప్పులు ఊడబెరుక్కునేది, ఎండాకాలం వస్తే నా కాలు దిగబడేంత నెర్రెలు విచ్చేది. పెంకుటిల్లు, ముందు పొడవాటి వసారా, దాని వెనక మూడు గదులు, వాటిలో పెద్దగది మాది కాదు, పత్తిది. వానలు వెనకబట్టి కాయ పగలడం మొదలైతే ఇక మా పడకలు వసారాలోకి వచ్చేవి. పొద్దున వెళ్ళిన ఆడకూలీలు సాయంత్రానికి ఒళ్ళో మూటలతో వచ్చి గదిలో గుమ్మరిస్తుంటే, పత్తి రోజురోజుకీ పెరిగి కిటికీ ఊచల దాకా వచ్చేది, ఎండ తాగిన ఆ పత్తి వాసన, ఎండిన ఆకుల నలుసులూ దుమ్మూ కలిసిన వెచ్చని వాసన, ఇల్లంతా కమ్ముకునేది. అందులో దూకకూడదని మాకు ఆంక్ష. నేనూ అన్నయ్యా అందరూ చేలోకి వెళ్ళాక దూకేవాళ్ళం, మెడ దాకా మునిగిపోయేవాళ్ళం, జుట్టులో చిక్కుకున్న పత్తి పింజలతో సాయంత్రం పట్టుబడి తన్నులు తినేవాళ్ళం. పత్తి అయిపోయీ అవకుండానే మిరప కోతలు వచ్చేవి, ఊరు ఊరంతా తుమ్మేది, కళ్ళు నులుముకుంటే ఇంకా మండేవి, మా అమ్మ అన్నం కలిపిన చేత్తో నా బుగ్గ పట్టుకున్నా మంటపుట్టేది.

ఇంత సరుకు ఇంట్లో ఉంటే ఎలుకలు రాకుండా ఉంటాయా? అందుకని పిల్లులు. మా నాయనమ్మ వాటిని పెంచేది అనడం కన్నా, పనికి పెట్టుకుంది అంటే సరిగ్గా ఉంటుంది. పొద్దునా సాయంత్రం సొట్టపళ్ళెంలో మజ్జిగన్నం, శుక్రవారం సంతలో ఎండుచేపలు కొంటే వాటి తలకాయలు, అంతే జీతం. మా కాలంలో నాలుగుండేవి. మూడు ఆడపిల్లులకీ ఆవిడ తన ముగ్గురు ఆడబిడ్డల పేర్లు పెట్టుకుంది. ఎదురుగా అనలేని మాటలన్నీ పిల్లుల్ని అనుకునేది. చారల పిల్లి కోటమ్మ, నల్లది శేషమ్మ, ఒక చెవి చిరిగిన పసుప్పచ్చది ఆదెమ్మ. ఆ ముగ్గురిలోకీ మా నాయనమ్మను ఎక్కువ ఏడిపించిన ఆడబిడ్డ పేరు ఆదెమ్మ. నాలుగోది మగపిల్లి, బాగా బలిసి, పొట్ట ఊపుకుంటూ వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేది; దాని పేరు మునసబు.

కోటమ్మా శేషమ్మా మునసబూ పత్తిగదిలో పడుకునేవి. పత్తి మీద తమకు సరిపడా గుంత చేసుకుని, అందులో చుట్టుకుని, మధ్యాహ్నమంతా నిద్రపోయేవి. ఆదెమ్మకి మాత్రం ఆ గది పడేది కాదు. దొడ్లో గడ్డివామి మీదే దాని కాపురం. వంటింటి వెనక మెట్టు దగ్గరికి వచ్చి దాని వాటా అన్నం తిని, అమ్మ ఏమరితే ఒక చేప లాక్కుని, వామి మీదికి పోయేది. ఇది నాకు బాగా తెలుసు. బడి నుంచి రాగానే వామి కింద నిలబడి "ఆదెమ్మా" అంటే, పైనుంచి ఆ చిరిగిన చెవి ముందు కనిపించేది.

ఆ యేడు నాగుల చవితి తరవాత మొదలైంది కక్కడం. చవితికి నాయనమ్మ రోట్లో దంచిన చిమ్మిలి, నువ్వులూ బెల్లం కలిసి నూనె ఓడుతూ ఉండే ఆ నల్లటి ముద్దలు, చలిమిడి ఉండలూ డబ్బాకెత్తి పెడితే, ఎక్కడినుంచి వచ్చాయో ఎర్రచీమలు బారులు తీరాయి. డబ్బాలో చీమలు, ఉప్పుజాడీ మూత మీద చీమలు, పడుకుంటే దుప్పట్లో చీమలు. ఎరువుల కొట్లో అమ్మే చీమల మందు తెప్పించింది నాయనమ్మ. తెల్లటి పొడి, ముక్కు అదిరే వాసన. ఆవిడ ముగ్గు వేసే చెయ్యి ఊళ్ళో పేరుపడ్డ చెయ్యి. చుక్కలు లేకుండా ఎంత పెద్ద ముగ్గైనా తీసేది. అదే చేత్తో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పొడి పట్టి, ప్రతి గడప లోపలా, పత్తిగది గోడల వెంట చుట్టూ, ఎక్కడా తెగకుండా గీత తీసింది. చూడ్డానికి బాగుందని నేను కూడా మెచ్చుకున్నాను.

తరవాత వారానికే మునసబు వసారాలో కక్కింది. మర్నాడు వంటింట్లో ఎవరో. ఆ మర్నాడు నీళ్ళ గాబు పక్కన ఎవరో. పిల్లి కక్కడమంటే గడ్డి తిన్నదనో బల్లిని తిన్నదనో అనుకునే రోజులు, ఎవరూ పట్టించుకోలేదు. శుభ్రం చేసే పని మాత్రం నాకు పడింది. అన్నయ్య నాకన్నా మూడేళ్ళు పెద్దవాడు, వాడికి కక్కు చూస్తే కడుపులో తిప్పుతుందట. నాకు తిప్పదా అని అడిగితే, "ఆడపిల్లవి, అలవాటు చేసుకోవాలి" అంది నాయనమ్మ. ఏం అలవాటు చేసుకోవాలో, ఎందుకు చేసుకోవాలో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. పొయ్యిలోంచి బూడిద తెచ్చి కక్కు మీద పోయాలి, అది పీల్చుకున్నాక అట్టముక్కతో ఎత్తి దిబ్బలో పారేయాలి, పేడనీళ్ళతో అలకాలి. అక్కడితో అయిపోదు. కక్కిన చోటికి చీమలు పడతాయి కదా, అందుకని ఆ చోటు చుట్టూ చీమల మందు చల్లాలి.

చల్లేదాన్ని. రోజూ, నా చేత్తోనే. పిల్లులు కక్కేవి, చీమలు వచ్చేవి, నేను మందు చల్లేదాన్ని, ఆ మందు మీద నుంచే పిల్లులు నడిచి వెళ్ళేవి, పత్తి మీద కూర్చుని తీరిగ్గా కాళ్ళు నాక్కునేవి, మళ్ళీ కక్కేవి. ఆరుగురున్న ఇంట్లో ఒక్కరికీ ఈ మాట తట్టలేదు. ఏ పురుగుకి ఏ మందు కొట్టాలో, ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలో నిద్రలో లేపినా చెప్పే మా నాన్నకి కూడా తట్టలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు మిల్లుకి పత్తి ఎత్తుతుంటే, కుప్ప నడుమ చేటంత మేర పచ్చగా మచ్చపడి, గట్టిగా అట్టకట్టిన పత్తి బయటపడింది. ఎప్పుడో కక్కి, మీద పత్తి పడి, లోపలే పులిసిపోయింది. నాన్న దాన్ని చేత్తో పట్టుకుని వసారాలోకి వచ్చాడు. తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎప్పుడూ అరవని నాన్న ఆవేళ అరిచాడు. "ఏ పిల్లో తేల్చండి. దాన్ని ఇవాళే పంపేస్తా" అన్నాడు.

పిల్లిని చంపితే పాపం. ఆ పాపం పోవాలంటే బంగారంతో పిల్లిని చేయించి దానమివ్వాలని మా నాయనమ్మ చెప్పేది. వదిలేస్తే మాత్రం ఏ పాపమూ లేదు. ఎవరు చెప్పారో గాని మా ఊరందరికీ ఎంత అనుకూలంగా చెప్పారో.

రోజూ కక్కు ఎత్తేది నేనే కాబట్టి అందరూ నా వంక చూశారు. నిజానికి ఆ నెల రోజుల్లో మునసబు కక్కిన ఆ మొదటిసారి తప్ప ఏ పిల్లి కక్కుతుంటేనూ నేను చూడలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి నేల మీద ఉండేది, ఎత్తేదాన్ని, అంతే. పైగా ఆ రోజుల్లో నాకు చూపు ఆనేది కాదు, బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనపడక పక్కపిల్ల పలకలో చూసి రాసుకునేదాన్ని. అలాంటి దాన్ని నన్ను సాక్ష్యం అడిగారు.

"చెప్పవే, భయం దేనికి? ఆ చెవి తెగిందేగా? ఆ ఆదెమ్మేగా?" అంది నాయనమ్మ.

ఆవిడ గొంతులో జవాబు ముందే ఉంది. మునసబు పేరు చెబితే తాతయ్యకి కోపం వస్తుంది, దాన్ని ఆయన ఒళ్ళో పెట్టుకుని చుట్ట కాల్చుకునేవాడు. చూడలేదని చెబితే మళ్ళీ రేపు బూడిద, అట్టముక్క, పేడనీళ్ళు. ఎవరో ఒకరు పోతే ఈ చాకిరీ పోతుంది కదా అనుకున్నాను. తల ఊపాను.

"చూశావా?" అని అడిగింది అమ్మ, వంటింటి గుమ్మంలోంచి. ఆ ఇంట్లో ఆ మాట అడిగింది ఆవిడ ఒక్కతే.

"చూశా" అన్నాను.

చిన్నపిల్ల అబద్ధం చెబుతుందా అన్నారు. ఆదెమ్మ నా పిలుపుకే వామి దిగి వచ్చింది. నాయనమ్మ దాన్ని గోతాంలో వేసి, మూతి కట్టి, దారి గుర్తుండకుండా గోతాన్ని మూడుసార్లు గుండ్రంగా తిప్పింది. లోపల అది అరిచిన అరుపు మామూలు పిల్లి అరుపులా లేదు. నాన్న ఆ గోతాన్ని పత్తి లారీలో పెట్టుకుని నల్లపాడు వెళ్ళాడు. మేం పత్తి తోలే మిల్లు అక్కడే ఉండేది. సాయంత్రం ఖాళీ గోతాం తెచ్చి దండెం మీద ఆరేశాడు.

మూడో రోజున వసారాలో మళ్ళీ కక్కు. మా నాయనమ్మ ఏమందో తెలుసా? "పోతూ పోతూ ఆ పాడుది వీటన్నిటికీ నేర్పిపోయింది" అంది. దానికి తాతయ్య తల ఊపాడు. నేను బూడిద తెచ్చాను, ఎత్తాను, అలికాను, చీమల మందు చల్లాను.

ఇంకో పది రోజులకి గేదెదూడకి పారుడు పట్టుకుంటే పశువుల కాంపౌండరుగారు వచ్చారు. దూడకి మందు పోసి, చేతులు కడుక్కుని, వసారాలో మజ్జిగ తాగుతుంటే కోటమ్మ ఆయన కళ్ళెదుటే చొంగ కార్చుకుంటూ కక్కింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి దాన్ని మెడ దగ్గర పట్టుకుని పాదాలు తిప్పి చూశారు.

"ఏమ్మా, పిల్లి కాళ్ళకి ముగ్గేశారా?" అన్నారు.

"చీమల మందండీ, గడపల్లో వేశాం" అంది నాయనమ్మ.

"అది నాకితే కక్కదామ్మా మరి? ఇంకా బతికున్నాయి, సంతోషించండి."

"చీమలకి పెట్టింది దీన్నెవరు నాకమన్నారు?" అంది నాయనమ్మ. ఆయన నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. అందరూ నవ్వారు. నవ్వకుండా ఉన్నది నేనూ, చొంగ తుడుచుకుంటున్న కోటమ్మా.

ఆ సాయంత్రం గీతలన్నీ ఊడ్చి, ఇల్లంతా రెండుసార్లు కడిగి, పిల్లుల్ని ఒక్కొక్కదాన్నే గోనెపట్టాలో చుట్టి సబ్బునీళ్ళతో కాళ్ళు కడిగారు. మునసబు మా అన్నయ్య మోచేతి దాకా బరికేసింది. నాకు చాలా సంతోషమేసింది, దాచుకోవడం దేనికి. వారం తిరిగేసరికి కక్కడం ఆగిపోయింది. పత్తిగదిలో అడుగే పెట్టని, ఆ గీత ఒక్కసారైనా తొక్కని పిల్లి ఒక్కటే ఇంట్లోంచి పోయిందని ఎవరూ అనలేదు. అన్నారంటే దాన్ని తెచ్చుకోవాల్సి వస్తుంది.

నేను అన్నాను. "ఆదెమ్మని తీసుకురా నాన్నా" అని ప్రతి వారం లారీ కదిలేముందు అడిగేదాన్ని. ప్రతి వారం లారీ నల్లపాడే వెళ్ళేది, మిల్లు గేటు ముందు వరసలో పూటంతా ఆగి ఉండేది. దాన్ని వదిలింది ఆ గేటుకి ఎదురు గోడ దగ్గరే. సాయంత్రం నాన్న దిగగానే "చూశావా?" అనేదాన్ని. "చూశాలే, లేదు" అనేవాడు, చెప్పులు విప్పుతూ.

తరవాత నా కళ్ళకి పరీక్ష చేయించాలని పంతులుగారు కబురు పంపితే, నాన్న నన్ను ఆ పత్తి లారీలోనే గుంటూరు తీసుకెళ్ళాడు. ముందు నల్లపాడులో పత్తి దింపి, తరవాత కళ్ళ డాక్టరు. మిల్లు గేటు ముందు లారీ ఆగింది. క్యాబిన్‌లో నాన్న ఒళ్ళో కూర్చున్నాను. రోడ్డుకి అవతల పొడవాటి గోడ, గోడ మీద ఎండలో పసుప్పచ్చగా ఒక మరక. మరకే, నా కళ్ళకి అంతకన్నా ఆనదు. అది కదిలింది. లేక నాకు కదిలినట్టు అనిపించింది.

"నాన్నా, ఆ గోడ మీద చూడు. ఆదెమ్మేమో" అన్నాను.

నాన్న డ్రైవరుతో మిరప తెగులు గురించి మాట్లాడుతున్నాడు. తల తిప్పలేదు. నేను ఆయన గడ్డం కిందే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, తల తిప్పనే లేదు. "చూశాలే, అది కాదు" అన్నాడు.

అప్పుడు ఏడవాల్సింది, అరవాల్సింది, నువ్వు చూడలేదు అని ఆయన చొక్కా పట్టుకోవాల్సింది. ఆయన అన్న మాట వసారాలో నేనన్న మాటే. లారీ గేటులోకి కదిలింది. మేం బయటికి వచ్చేసరికి గోడ మీద ఎండ లేదు, మరకా లేదు. రెండు వారాల తరవాత కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ఆ దారినే వచ్చాను. గోడలో ఒక్కో ఇటుకా, ఇటుకల మధ్య మొలిచిన గడ్డిపోచలతో సహా స్పష్టంగా కనిపించింది. దాని మీద ఏమీ లేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఇంట్లో పత్తి పోసుకునేవాళ్ళు లేరు, చేలోంచే ఎగుమతైపోతోంది. పొయ్యిలేని ఇళ్ళలో బూడిదకూ కరువే. చిమ్మిలి ముద్దలు మిఠాయి కొట్లో ప్లాస్టిక్ పెట్టెల్లో దొరుకుతున్నాయి, నూనె ఓడవు. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది, చివరిదాకా ఆదెమ్మ మాట వస్తే ఆ పాడుది అనే అనేది. నాన్నా పోయాడు. పోనివల్లా చీమల మందు ఒకటి, మా వీధి చివర కొట్లో ఇప్పటికీ వేలాడుతోంది. పిల్లిని గోతాంలో వేసి ఎక్కడో వదిలేయమనే సలహా ఒకటి, మంచి మనుషుల నోటివెంటే ఇప్పటికీ వస్తోంది.

పోయిన వారం పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవేమో. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఏ పిల్లి కక్కుతోందో మీరు కళ్ళారా చూశారా?" అని. ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆమె కంగారుపడింది. చూసి రాసుకోమంది, అంతవరకూ దేనికీ మందివ్వనంది.

ఇంటికొచ్చేసరికి హాల్లో మళ్ళీ ఉంది. మా అమ్మాయి సిరికి పదేళ్ళు. ముక్కు మూసుకుని, సోఫా మీద ముడుచుకున్న మా ముసలి పిల్లి రాణిని చూపించి, "ఇదే అమ్మా" అంది.

"నువ్వు చూశావా?" అన్నాను. నా గొంతు వింటే నాకే భయమేసింది.

సిరి నా మొహం చూసింది. రాణి వంక చూసింది. "చూళ్ళేదు" అంది నెమ్మదిగా.

అంత తేలిగ్గా అనేసింది. ఇద్దరం నోటుబుక్కు పెట్టుకుని ఆ ఆదివారం పొద్దుటి నుంచీ హాల్లో నేల మీదే కూర్చున్నాం. పదింటికి, నాలుగు గిన్నెల్లోదీ ఆబగా తానే తినేసిన దొర అనే కుర్రపిల్లి, మా కళ్ళముందే టీవీ స్టాండు దగ్గర మెడ సాచి మొత్తం కక్కేసింది. సిరి టైముతో సహా రాసింది. రాణి కళ్ళు కూడా తెరవలేదు. అలా కూర్చున్నప్పుడే సిరికి ఆదెమ్మ సంగతంతా చెప్పాను, జీవితంలో మొదటిసారి ఒకరికి. అంతా విని, పెన్సిలు కొరుక్కుంటూ, "మరి తరవాతైనా చెప్పావా అమ్మా, నువ్వు చూళ్ళేదని?" అంది.

"లేదు" అన్నాను. తడిగుడ్డ తీసుకుని లేచాను.